చేత్తో బొంత కుట్టాలంటే లోపల ఏం పెట్టాలి, ఏ సూది పట్టాలి

చేత్తో బొంత కుట్టడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ముందు అడిగేది సూది గురించే. ఏ నంబరు కొనాలి, ఏ కంపెనీది బాగుంటుంది, జపాన్ సూది తెప్పించుకుంటే వెన్నలో దిగినట్టు దిగుతుందట నిజమేనా అని. నేను తిరిగి ఒక్క మాటే అడుగుతా: లోపల ఏం పెడుతున్నారు? ఎందుకంటే సూది దిగడం లేదంటే చాలాసార్లు తప్పు సూదిది కాదు, లోపలి పొరది, కాకపోతే అడుగున వేసిన గుడ్డది. లోపల దట్టంగా అదిమిన షీటు పెట్టి, అడుగున గంజి వదలని కొత్త బెడ్‌షీటు వేసుకుని కూర్చుంటే ఎంత ఖరీదైన సూది పట్టినా వేలు బొబ్బలెక్కుతుంది. అదే నలిగి నలిగి మెత్తబడ్డ నూలు చీర ఉందనుకోండి, కిరాణా కొట్లో అట్టకు గుచ్చి అమ్మే సూది కూడా హాయిగా దూరుతుంది. అందుకే వరుస ఇలా పెట్టుకోండి. ముందు లోపలి పొర, దాని తర్వాత దారం, ఆ రెండింటినీ బట్టి ఆఖర్న సూది.

ఇంకో సంగతి. ఈ పని గురించి దొరికే సలహాల్లో చాలావరకు అమెరికా, ఇంగ్లండు చలిని దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. వాళ్ళు ఉన్ని పెట్టమంటే దానికో అర్థం ఉంది. నెల్లూరులో చలికాలమంటే తెల్లవారుజామున ఫ్యాను ఒక పాయింటు తగ్గించడమే కదా. ఒంగోలు వైపు కూడా పెద్ద తేడా ఉండదు, నల్లమల అంచున ఉన్న ఊళ్ళలో ధనుర్మాసంలో కాస్త చలి తెలుస్తుంది, అంతే. మనకు బొంత కావలసింది ఏసీ గదిలో కప్పుకోవడానికి, ముసురు పట్టిన రాత్రులకి, చంటిబిడ్డ కింద పరచడానికి, రైల్లో పై బెర్తు మీద ముడుచుకుని పడుకోవడానికి. వీటన్నిటికీ పల్చటి బొంత చాలు, పల్చటి బొంత కుట్టడమూ తేలికే. ఈ ఒక్క విషయంలో మన వాతావరణం మన చేతికి సాయం చేసింది.

పాత చీరలు, పంచెలు

నా ఓటు మొదట వీటికే. మన అవ్వలు బొంతకి వేరే ఏమీ కొన్నది లేదు, చీర మీద చీర పరిచి కుట్టారు. బెంగాల్ కాంతా కుట్టు పుట్టింది కూడా ఇలా పాత గుడ్డల పొరల్లోంచే. పాత చీర సూదికి ఎందుకు లొంగుతుందంటే ఏళ్ళ తరబడి ఉతుకుల్లో దాని గంజి, బిరుసు అన్నీ పోయి నేత కాస్త వదులవుతుంది, సూది మొన పోగును చీల్చుకుని వెళ్ళకుండా పోగుల మధ్య సందు చూసుకుని దిగుతుంది. వెంకటగిరి నేత చీరలాంటి సన్న నూలైతే ఇక చెప్పక్కర్లేదు. బాగా నలిగిన పంచె కూడా అంతే మంచిది.

లెక్క కూడా చూడండి. అయిదున్నర మీటర్ల చీరను మూడు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఆరడుగులు వస్తుంది, వెడల్పు చీర పన్నా. ఒక చీరలోని మూడు ముక్కలూ లోపలికి, ఇంకో చీరలోంచి రెండు ముక్కలు పైకీ కిందికీ పెడితే అయిదు పొరలతో ఒక మనిషి కప్పుకునే బొంత తయారు. ఇంతకు మించి పొరలు వేయకండి. ఆరో ఏడో పొర వేశాక ఆ మెత్తదనమంతా పోయి సూది మొరాయిస్తుంది, పైగా తడిస్తే ఎత్తలేరు. కార్తీకంలో వానలు పట్టుకున్నాయంటే అలాంటి బొంత మిద్దె మీద ఆరదు, ఇంట్లో తీగ మీద ఆరదు, ఆఖరికి ముక్క వాసన వేస్తుంది.

చీర పనికొస్తుందా రాదా అనే అనుమానం ఉంటే కొస నుంచి నాలుగు పోగులు లాగి సింకు దగ్గర కాల్చి చూడండి. నూలైతే కాగితంలా మండి బూడిదవుతుంది. పాలిస్టర్ కలిసి ఉంటే కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. కలిసిన చీర కుట్టడానికి వీల్లేదని కాదు, కాని జారుతుంది, పొరలు ఒకదాని మీద ఒకటి నిలవవు, చెమట పీల్చదు. జరీ అంచు ఉంటే కత్తిరించి పక్కన పెట్టేయండి, ఆ జరీ పోగు రాసుకుని రాసుకుని మీ కుట్టు దారం తెగిపోతుంది. చిరుగు పట్టిన చోటు, చేత్తో లాగితే పిగిలిపోయే చోటు లోపలికి కూడా వద్దు.

చీరల బొంతకు ఉన్న లోపం ఒక్కటే. ఉబ్బు రాదు. కుట్టు చుట్టూ గుడ్డ పొంగి డిజైను లేచి కనబడాలని మీ కోరికైతే చీర పొరలతో ఆ ముచ్చట తీరదు, బ్యాటింగ్ అని బొంత లోపలికి అమ్మే పొంగు షీటు పెట్టాల్సిందే.

ఏకిన దూది

పరుపుల కొట్లో ఏకించిన దూది తెచ్చి పరిచి కుట్టేది పాత రజాయి పద్ధతి. సూది దిగడానికి దూదంత తేలికైనది లేదు. కష్టం వేరే ఉంది. దూది పోగులకు ఒకదానితో ఒకటి పట్టు ఉండదు, కుట్టు వరుసలు రెండు మూడు వేళ్ళ వెడల్పుకంటే దూరమైతే ఒకటి రెండు ఉతుకుల్లో అంతా ఓ మూలకు చేరి ఉండ కడుతుంది. పొర సమానంగా పరచడం కూడా చేయి తిరిగినవాళ్ళ పని. దిండ్లలో వాడే బూరుగు దూది సంగతి అడక్కండి, అది మరీ నునుపు, గుడ్డలోంచి బయటికొచ్చి ముక్కులోకి పోతుంది. దిండుకే ఉంచేయండి దాన్ని.

షీటుగా వచ్చే కాటన్ బ్యాటింగ్

అసలు తికమకంతా ఇక్కడే. కాటన్ అని రాసి ఉన్న ప్రతి షీటూ చేతికి ఒకేలా ఉండదు. దూది పొరను షీటుగా నిలబెట్టడానికి ఏదో ఒకటి చేయాలి కదా. కొందరు వేలాది ముళ్ళ సూదులతో గుచ్చి గుచ్చి పోగుల్ని ఒకదానిలో ఒకటి చిక్కుపడేలా చేస్తారు. కొందరు పల్చటి జిగురు చల్లి పట్టిస్తారు. కొన్నింటికి గుచ్చడంతో పాటు స్క్రిమ్ అని ఓ పల్చటి జాలీలాంటి పొర చేరుస్తారు, షీటు సాగకుండా, ఎక్కడా పిగలకుండా అది పట్టుకుంటుంది.

ఈ స్క్రిమ్ వల్ల లాభం ఏమిటంటే కుట్టు వరుసలు దూరం దూరంగా వేసుకోవచ్చు. వార్మ్ అండ్ నాచురల్ అనే అమెరికా షీటుకు స్క్రిమ్ ఉంది, వరుసకూ వరుసకూ మధ్య 10 అంగుళాల దాకా వదలొచ్చని కంపెనీ చెబుతుంది, అంటే జానెడుకు పైనే. స్క్రిమ్ లేని హాబ్స్ కంపెనీ 80/20 (80 పాళ్ళు నూలు, 20 పాళ్ళు పాలిస్టర్) షీటుకు 4 అంగుళాలే, అంటే బెత్తెడు మీద ఇంకో వేలు. చదవగానే ఎవరికైనా మొదటిదే తెలివైన బేరం అనిపిస్తుంది, తక్కువ వరుసలతో పని అయిపోతుంది కదా అని. కాని ఆ 10 అంగుళాలు ఇచ్చేది ఏదో, మీ సూదికి అడ్డం పడేదీ అదే. మెషీను మోటారుకు ఆ జాలీ ఒక లెక్క కాదు, అందుకే మెషీను మీద కుట్టేవాళ్ళు దాన్ని మెచ్చుకుంటారు. చేత్తో కుట్టేటప్పుడు మాత్రం ప్రతి కుట్టుకూ సన్నటి అడ్డు తగులుతుంది, మొన జాలీని పొడిచినప్పుడల్లా వేలి కింద చిన్నగా టక్కుమనడం తెలుస్తుంది. ఒక్క కుట్టుకు అది ఏ మూలకు? ఓ గంట కూర్చున్నాక మణికట్టు చెబుతుంది దాని సంగతి. అందుకని ప్యాకెట్ మీద కుట్టు దూరం ఎంత పెద్ద అంకె ఉంటే చేత్తో అంత కష్టం ఉండొచ్చని అనుమానించండి, అన్నిసార్లూ కాకపోయినా ఎక్కువసార్లు నిజమవుతుంది.

చేతికి నేను చెప్పేది స్క్రిమ్ లేని పల్చటి కాటన్, లేదా 80 పాళ్ళు నూలు 20 పాళ్ళు పాలిస్టర్ కలిసినది. ఆ కాస్త పాలిస్టర్ వల్ల షీటు తేలికగా, కొంచెం పొంగుగా ఉంటుంది, నూలు పాలు ఎక్కువ కాబట్టి ఒంటికి ఉక్క పోయదు. చుట్ట నుంచి కోసిన ముక్క చేతికి దొరికితే వెలుతురుకు పట్టి చూడండి, జాలీ గళ్ళు గళ్ళుగా కనబడొచ్చు. అలా కనబడకపోతే రెండు చేతులతో మెల్లగా లాగండి. స్క్రిమ్ లేనిది మెత్తగా సాగి పోగులు విడిపోతుంటాయి, ఉన్నది కాగితంలా బిగిసి నిలబడుతుంది.

తెల్లగా బ్లీచ్ చేయని కాటన్‌లో అక్కడక్కడ గింజ తుంపులు నల్లగా కనిపిస్తాయి. సూది సరిగ్గా వాటి మీదే పడిందంటే దిగదు, పక్కకు జరిపి గుచ్చుకోవాలి. పైగా తెల్ల గుడ్డ కింద చుక్కల్లా తెలుస్తాయి, తెల్ల గుడ్డకైతే బ్లీచ్ చేసినదే తీసుకోండి.

కాటన్ ఉతికితే ముడుచుకుంటుంది, 80/20 రకానికి మామూలుగా చెప్పే అంకె 3 నుంచి 5 శాతం. 60 అంగుళాల బొంతలో అది రెండు నుంచి మూడు అంగుళాలు. ఆ ముడతల అందమే కావాలంటారు కొందరు, నాకూ అదే ఇష్టం. పసిబిడ్డ ఉయ్యాల కొలతకు సరిగ్గా కుట్టేవాళ్ళు మాత్రం ముడుచుకునే ఆ మేర లెక్కేసి ముందే కలుపుకోండి.

ఇంట్లో పనికొచ్చే మధ్యేమార్గం ఒకటుంది, ఫ్లానెల్ గుడ్డ. చంటిపిల్లల చొక్కాలకు వాడే నూగు నూలు గుడ్డ, లోపల ఒక్క పొర వేస్తే చాలు. చాలా పల్చన, సూదికి మహా తేలిక, జరగదు, ఉండ కట్టదు. ముడుచుకోవడం మాత్రం బాగా ముడుచుకుంటుంది, ముందే వేణ్ణీళ్ళలో ఉతికి ఆరేయండి.

పాలిస్టర్, తక్కినవి

సోఫా పనివాళ్ళ దగ్గర, పరుపుల కొట్లలో మీటర్ల లెక్కన దొరికే తెల్లటి పొంగు షీటు ఇదే. బరువును జీఎస్ఎంలో, అంటే చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని చెబుతారు, చేత్తో కుట్టడానికి 100 చుట్టుపక్కల చాలు, 200 దాటితే అది కుషనుకే. నిజం చెప్పాలంటే సూది దీంట్లో చక్కగా దిగుతుంది, కొత్తవాళ్ళకు మొదటి రోజే ఉత్సాహం వస్తుంది, డిజైను బాగా ఉబ్బి కనబడుతుంది, ఉతికితే గంటల్లో ఆరుతుంది. అయినా నేను కప్పుకునే బొంతకు వద్దంటాను. ఉక్క. మే నెలలో కరెంటు పోయిన రాత్రి కింద పరుచుకుని చూడండి తెలుస్తుంది. ఇస్త్రీ పెట్టె వేడి తగిలితే కరుగుతుంది కూడా. ఇంకొకటి, నాసిరకం షీటైతే కొన్నాళ్ళకు సన్నటి తెల్ల పోగులు పై గుడ్డలోంచి బయటికి పొడుచుకొస్తాయి. లేత రంగు మీద ఫర్వాలేదు, ముదురు నీలం కలంకారీ మీదైతే బొంత అంతా నూగు పట్టినట్టు ఉంటుంది, పీకితే ఇంకా వస్తుంది. గోడకు వేలాడదీసే బొంతకి, సంచులకి, టీ కుండ మీద కప్పే టోపీలకి పాలిస్టర్ భేషుగ్గా ఉంటుంది.

ఉన్ని గురించి ఒక్క మాట. షీటు బ్యాటింగుల్లో చేత్తో కుట్టడానికి అన్నిటికన్నా హాయైనది అదే, ఎవరూ కాదనరు. కాని మనకు ఆ వెచ్చదనం దండగ, పైగా పురుగు పడుతుంది. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న కూతురికి పంపడానికి కుట్టేవాళ్ళు ఆలోచించుకోండి. వెదురు నారతో చేసిన షీటు కూడా వస్తోంది, ఎక్కువగా నూలు కలిపి. మెత్తగా వాలుతుంది, సూదికి బాగానే ఉంటుంది, ధర చూసుకుని తీసుకోండి. ఇస్త్రీ చేస్తే గుడ్డకు అంటుకుపోయే జిగురు బ్యాటింగ్ మాత్రం చేతి కుట్టుకు అస్సలు వద్దు, జిగురు సూదికి పట్టి ప్రతి కుట్టుకూ చేత్తో పీకాల్సి వస్తుంది. పొరలు అంటించే స్ప్రే కూడా అదే బాపతు. పొరలు కదలకుండా బెత్తెడు దూరంలో పెద్ద పెద్ద టాకాలు వేసుకోండి, అది చాలు. పిన్నీసులు గుచ్చి నెలలు వదిలేస్తే మన తేమకు తుప్పు మరక పడుతుంది.

పై గుడ్డ, అడుగు గుడ్డ

దీన్ని పట్టించుకోక, మంచి బ్యాటింగ్ కొన్నాక కూడా చేయి నొప్పి అంటారు. అడుగున బెడ్‌షీటు వేస్తే అతుకు లేకుండా ఒక్క ముక్కతో అయిపోతుందని అందరికీ ఆశ. కాని బెడ్‌షీటును ఒత్తుగా నేస్తారు, పోగుల మధ్య సందు ఉండదు, బిగువైన పాప్లిన్‌దీ అదే గొడవ. మల్‌మల్, జాకెట్ల లైనింగుకు వాడే కేంబ్రిక్, పల్చటి చేనేత గుడ్డ, ఇవి మంచివి. ఏ కొత్త గుడ్డైనా ముందు ఓ రాత్రి నీళ్ళలో నానబెట్టి గంజి వదిలించండి, కలంకారీ అయితే రంగు కారుతుందో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది. చీరలకు గంజి పెట్టే అలవాటున్న ఇళ్ళలో ఇంకొక జాగ్రత్త, బొంతకు తీసిన చీరను ఆఖరుసారి గంజి లేకుండా ఉతికి ఆరేయండి.

ముక్కలు అతికి కుట్టిన పై గుడ్డ అయితే అతుకుల దగ్గర గుడ్డ రెండింతలు మూడింతలు అవుతుంది. అతుకు మీదుగా కుట్టకండి, పావంగుళం పక్కగా, మడత లేని వైపు నుంచి వెళ్ళండి. తప్పక దాటాల్సిన చోట నాలుగు కుట్లు ఒకేసారి సూదికి ఎక్కించాలని చూడొద్దు, ఒక్కొక్కటీ పైనుంచి గుచ్చి కిందికి, కిందనుంచి గుచ్చి పైకి తీయండి.

ఇప్పుడు సూది

కుట్టు మెషీను సూది 14 కంటే 16 లావు అని మనందరికీ తెలుసు. చేతి సూదికి లెక్క తిరగబడుతుంది, నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది, పొట్టిబడుతుంది. ఇది తెలియక 12 అంటే పెద్దదేమో అని తెప్పించుకున్నవాళ్ళు దాన్ని చేతిలో పట్టుకోవడానికే తంటాలు పడతారు.

బొంతల కోసమని ప్రత్యేకంగా అమ్మే సూదిని బిట్వీన్స్ అంటారు. అంగుళానికి అటూ ఇటూగా ఉంటుంది, సన్నటి గుండ్రటి బెజ్జం, గట్టి నడుము. దీన్ని పొట్టిగా ఎందుకు చేశారో తెలియాలంటే కుట్టే తీరు చూడాలి. కుడి చేతి మధ్య వేలికి తొడుగు పెట్టుకుని, బెజ్జం వైపు కొనను దానితో నొక్కి సూదిని నిలువుగా దింపుతారు. కింద ఎడమ చేతి వేలు కాచుకుని ఉంటుంది. మొన ఆ వేలికి ఇలా తగలగానే, గుచ్చుకునేలోపే, సూదిని వెనక్కి వాల్చి కింది వేలితో పొరల్ని పైకి ఎగదోస్తారు, బొటనవేలు ముందువైపు గుడ్డను అదిమి పెడుతుంది, ఆ గుబ్బలోంచి మొన పైకి తల ఎత్తుతుంది. మళ్ళీ నిలబెట్టడం, మళ్ళీ వాల్చడం. ఇలా మూడు నాలుగు కుట్లు ఎక్కించి ఒక్కసారి లాగుతారు. సూది పొడుగైతే ఈ ఊపులో నడుము వంగుతుంది, పొట్టిది వంగదు. మధ్యలో పొంగే బ్యాటింగ్ ఉన్నప్పుడు బిట్వీన్స్ ఎందుకు మేలో ఇదే కారణం.

కొత్తవాళ్ళు 8 లేదా 9 తో మొదలుపెట్టండి, చేయి కుదిరాక 10 కి వెళ్ళండి. 11, 12 అంగుళానికి 10, 12 కుట్లు పడాలని పంతం పట్టేవాళ్ళకి. పైన కనిపించే కుట్లు అంగుళానికి ఆరు వచ్చినా వరుస తిన్నగా, సమంగా ఉంటే బొంత అందంగానే ఉంటుంది. మందపాటి పాలిస్టర్ పెట్టుకుని పన్నెండు కుట్లు రావడం లేదని బాధపడొద్దు, అంత మందంలో రావు.

ఇక చీరల పొరలకు అందరూ చెప్పే బిట్వీన్స్ నేను చెప్పను. అక్కడ పొంగు లేదు, ఊపుతో పని లేదు, సూదిని దాదాపు పడుకోబెట్టి గుడ్డను మడతలు మడతలుగా దాని మీదికి ఎక్కించుకుంటూ పోవచ్చు, ఆరేడు కుట్లకు ఒక్కసారి లాగితే చాలు. దానికి పొడుగు సూది కావాలి. షార్ప్స్ అని అమ్మే మామూలు చేతి సూది 7, 8 నంబర్లు, కళ్ళు ఆనని వాళ్ళకు అదే పొడవుతో పెద్ద బెజ్జం ఉండే ఎంబ్రాయిడరీ సూది 7. ఇంకా పొడుగ్గా, సన్నగా ఉండే మిలినర్స్ సూది టాకాలకు చాలా బాగుంటుంది, చేయి తిరిగినవాళ్ళు చీరల బొంత మొత్తం దానితోనే లాగేస్తారు. మన ఊళ్ళలో పెద్దవాళ్ళ చేతిలో ఎప్పుడూ కనబడేది పొడుగు సూదే కదా, వాళ్ళు కుట్టే గుడ్డకు అదే సరైనది.

కొట్లో పొరపాటున తెచ్చుకోకూడనివి కొన్ని ఉన్నాయి. మగ్గం సూదికి కొనన కొక్కెం ఉంటుంది, దానితో ఈ పని కాదు. పూసల సూది చూడ్డానికి సన్నగా ఆశ పెడుతుంది, ఒక్క వరుసకే విల్లులా వంగుతుంది. ఊలు అల్లికలకు వాడే మొద్దు మొన సూది గుడ్డలో దిగదు. దబ్బనం దూది రజాయికి అక్కడక్కడ ముడులు వేయడానికి మాత్రమే.

దారం ముందని ఎందుకన్నానంటే బెజ్జం దారానికి సరిపోవాలి. బెజ్జం దారం కంటే ఇరుకైతే ప్రతి లాగుడుకూ దారం నలిగి నూగు లేస్తుంది. చేతి బొంతలకని అమ్మే, పైన పూత ఉన్న నూలు దారం బిట్వీన్స్‌లో సరిపోతుంది. అది దొరక్కపోతే మామూలు నూలు దారాన్ని మైనం ముద్ద మీద ఒకసారి లాగి వాడండి, చిక్కు పడదు. లావు కుట్టు, అంటే అంగుళానికి నాలుగైదు కుట్లు దూరానికి కూడా కనబడేలా వేయాలంటే పర్ల్ కాటన్ అనే లావు ఎంబ్రాయిడరీ దారం 8 నంబరు ఉండ, ఎంబ్రాయిడరీ సూది 5 లేదా 6. చేతి వేళ్ళు నొప్పులున్నవాళ్ళకు నేను చెప్పేది ఈ లావు కుట్టే. సూది లావు కాబట్టి పట్టు దొరుకుతుంది, కుట్లు తక్కువ, అయినా చూడముచ్చటగా ఉంటుంది. ఏ దారమైనా మూరెడు మించి తీసుకోవద్దు, పొడుగు దారం చివరికొచ్చేసరికి అరిగిపోతుంది.

బ్యాటింగ్ ఉన్న బొంతలో ముడిని టపుక్కున లోపలికి లాగి దాచేయొచ్చు, దూది దాన్ని పట్టుకుంటుంది. చీరల పొరల్లో పట్టుకునేది లేదు, వదులు నేతలోంచి జారి బయటికొస్తుంది, అందుకని ముడితో పాటు ఒక వెనక కుట్టు వేయడం మరిచిపోకండి.

బ్రాండు సంగతి. మన దగ్గర మామూలుగా దొరికే పోనీ సూదులతో మొదలుపెట్టొచ్చు, నెల్లూరు చిన్నబజారు వైపు టైలరింగు సామాను కొట్లలో అడిగి చూడండి. బిట్వీన్స్ అని అడిగితే చాలాచోట్ల అర్థం కాదు, పొట్టి సూదులని అడగండి, లేకపోతే ఆన్‌లైనే గతి. జాన్ జేమ్స్, క్లోవర్, ట్యులిప్ లాంటివి నున్నగా ఉంటాయి, మొన ఎక్కువ రోజులు నిలుస్తుంది, కాని మీకు ఏ నంబరు కుదురుతుందో తెలియకుండా కొనకండి. 8, 9, 10 కలిపి ఉన్న ప్యాకెట్ ముందు తీసుకోండి.

మన వైపు సూదికి అసలు శత్రువు సముద్రపు గాలి, చెమట. పూత పోయిన సూది రెండు రోజుల్లో గరుకెక్కుతుంది, గరుకు సూదిని బ్యాటింగ్ పట్టుకుంటుంది. తలనూనె రాసిన జుట్టులో సూదిని ఒకసారి అలా లాగి కుట్టే పెద్దవాళ్ళ అలవాటు ఊరికే వచ్చింది కాదు, ఆ కాస్త నూనె నునుపూ ఇస్తుంది, తుప్పూ ఆపుతుంది. తెల్ల గుడ్డ మీద మాత్రం ముందు ఓ చిల్లర ముక్కలో గుచ్చి తుడవండి. పని ఆపేటప్పుడు సూదిని బొంతకే గుచ్చి వదిలేయొద్దు.

వేలి తొడుగు లేకుండా ఈ పని చేయొద్దు. టైలర్లు పెట్టుకునే తొడుగు పైన బోడిగా, కొన తెరిచి ఉంటుంది, వాళ్ళు వేలి పక్కతో నెడతారు కాబట్టి వాళ్ళకు సరిపోతుంది. మనం కొనతో నెట్టాలి, పైన మూసి గుంటలు గుంటలుగా ఉన్నది చూసి తెచ్చుకోండి. ఇరుక్కుపోయిన సూదిని లాగడానికి సైకిల్ ట్యూబు ముక్కో, పగిలిన బెలూను ముక్కో దగ్గర పెట్టుకుంటే పళ్ళతో లాగే అవసరం రాదు. కుట్టేటప్పుడు గుడ్డను పట్టి ఉంచే రింగు బిగిస్తే దాన్ని డప్పులా లాగొద్దు, కాస్త వదులుంటేనే సూదిని వాల్చగలరు.

ఎవరికి ఏది

పుట్టబోయే బిడ్డకు పరుపు మీద వేసే చిన్న బొంతైతే పైన కిందా మల్‌మల్, లోపల నలిగిన పంచె రెండు పొరలు, షార్ప్స్ 8, మామూలు నూలు దారం. జరీ, పూసలు, బటన్లు ఏవీ వద్దు. ఏసీ గదికి పెద్ద బొంతైతే స్క్రిమ్ లేని 80/20, అడుగున కేంబ్రిక్, బిట్వీన్స్ 9, వరుసలు మూడు నాలుగు అంగుళాల దూరంలో. ఇంట్లో పేరుకుపోయిన చీరల్ని వదిలించుకోవాలనుకునేవాళ్ళు అయిదు పొరలు, పొడుగు సూది, వరుసలు వేలెడు దూరం. మొదటిసారి కుట్టేవాళ్ళు, కళ్ళూ వేళ్ళూ సహకరించని పెద్దవాళ్ళు ఫ్లానెల్ ఒక పొర, పర్ల్ కాటన్, ఎంబ్రాయిడరీ సూది 5.

ఏది ఎంచుకున్నా మొత్తం కొనేముందు అరమీటరే తెప్పించుకోండి. మీ పై గుడ్డ, మీ అడుగు గుడ్డ మధ్యన పెట్టి జానెడు జానెడు ముక్క చేసి, ఒక్కో సూదితో ఒక్కో వరుస వేసి, ఆ ముక్కను ఉతికి ఆరేశాక మళ్ళీ ఒకసారి అదే సూది గుచ్చి చూడండి. కొన్ని షీట్లు ఉతికాక మెత్తబడతాయి, కొన్ని ఇంకా బిగుస్తాయి, అది ప్యాకెట్ మీద ఉండదు.